మార్కుల వెనుక మూగబోయిన మనసు



మదీనాలో అబూ ఉమైర్ అనే చిన్న పిల్లవాడు ఉండేవాడు. దైవప్రవక్త (సల్లం)కు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి)కి తమ్ముడు. అతడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఒకరోజు దైవప్రవక్త (సల్లం) వారింటికి వెళ్ళేసరికి పిల్లవాడు దిగులుగా ఉన్నాడు. కారణం అడిగితే, అతని పిట్ట చనిపోయిందని ఇంట్లోవాళ్ళు చెప్పారు. దైవప్రవక్త (సల్లం) అతణ్ణి పేరు పెట్టి పిలిచి, నీ పిట్ట ఏమైందని ప్రేమగా పలకరించారు.

ఒక సమాజ భారమంతా మోస్తున్న మహనీయుడు ఒక పసివాడి ముఖంలోని దిగులును గుర్తించారు. పిట్ట కోసం ఇంత బాధా అని తేలిక చేయలేదు. మరి మనం మన పిల్లల ముఖాలు చూస్తున్నామా? లేక వారి ప్రోగ్రెస్ కార్డులు మాత్రమే చూస్తున్నామా?

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం జుమా నమాజు అయ్యాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. ఆయన లారీ మెకానిక్. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. "హజ్రత్! పదో తరగతిలో వీడు మా స్కూల్ ఫస్టు. ఇప్పుడు పుస్తకం ముట్టడం లేదు. అప్పు తెచ్చి ఫీజు కట్టాను. మీరైనా కాస్త నసీహత్ చేయండి" అన్నాడు.

కుర్రవాడు తలెత్తలేదు. మేము అరగంట మాట్లాడాము. తల్లిదండ్రుల హక్కుల గురించి చెప్పాము, సోమరితనం చెడ్డదన్నాము, ఐదు పూటలా నమాజు చెయ్యమన్నాము. అతణ్ణి మాత్రం ఒక్క మాట అడగలేదు. "బాబూ! రాత్రి నిద్ర పడుతోందా?" అని అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు.

నెల తిరగకముందే ఆ తండ్రి ఫోన్ చేశాడు. పిల్లవాడు చనిపోవాలనుకున్నాడని, తల్లి సమయానికి గమనించి ఆపిందని చెబుతూ ఏడ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే అప్పుడు బయటపడింది, ఆరు నెలలుగా ఆ కుర్రవాడికి సరిగ్గా నిద్ర లేదని. మేము సోమరితనం అనుకున్నది ఒక జబ్బు. మా అరగంట ప్రసంగం అతని నెత్తిన మరో బరువు పెట్టింది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

జబ్బు ఏది? ఫలితం ఏది?

మార్కులు తగ్గాయి కాబట్టి పిల్లవాడు కుంగిపోయాడని మనం అనుకుంటాం. అది కొంతవరకు నిజం. కానీ చాలాసార్లు వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు కుంగుబాటు వస్తుంది, దాని వెంట మార్కులు పడిపోతాయి. కుంగుబాటు వచ్చిన పిల్లవాడి తెలివి ఎక్కడికీ పోదు. ఆ తెలివిని వాడుకునే శక్తి తగ్గుతుంది. చదివిన పేజీనే నాలుగుసార్లు చదువుతాడు, ఏమీ నిలవదు. నిద్ర చెదురుతుంది, ఆకలి మారుతుంది, ఇష్టమైన ఆట కూడా రుచించదు. పెద్దవాళ్ళలా ఏడుస్తూ కూర్చోకపోవచ్చు. చీటికీమాటికీ చిరాకుపడతాడు, తలనొప్పి అంటాడు, కడుపునొప్పి అంటాడు. మనం దాన్ని పొగరు అంటాం, బడి ఎగ్గొట్టే సాకు అంటాం.

మార్కులు తగ్గగానే ఇంట్లో తిట్లు మొదలవుతాయి. తిట్లతో మనసు ఇంకా కుంగుతుంది. ఆ మనసుతో రాసిన పరీక్ష ఇంకా పాడవుతుంది. ఇది గానుగెద్దు తిరుగుడు లాంటిది. ఎవరో ఒకరు ఆపకపోతే ఆగదు.

ఇది ఒకటి రెండు ఇళ్ళ సమస్య కాదు. 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు తెలుగులో సున్నా మార్కులు వచ్చాయని ప్రకటించిన ఒక అమ్మాయికి, మళ్ళీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి! ఆలోచించండి సోదరులారా! మనుషులు వేసే మార్కులు, మనుషులు ఎక్కించే అంకెలు ఇంత తప్పుగా ఉండగలవు. అటువంటి కాగితాన్ని మన బిడ్డ విలువకు కొలమానం చేయవచ్చా?

ఇది ఈమాన్ లోపమా?

"మనసులో ఈమాన్ గట్టిగా ఉంటే దిగులెందుకు వస్తుంది?" అని కొందరు అడుగుతారు. వారికి మేము వినయంగా మనవి చేసేదేమంటే, హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దైవప్రవక్త. కుమారుడు యూసుఫ్ (అలైహిస్సలాం) కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. అయినా అల్లాహ్ ఆయన్ను నిందించలేదు. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన ఏడాదిని చరిత్రకారులు దుఃఖ సంవత్సరం అన్నారు. మన ప్రవక్త (సల్లం) చింత నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. శరణు వేడవలసినంతటి బాధ అది అని ఆయనే మనకు నేర్పారు. దాన్ని మనం నటన అంటే ఎలా?

దుఆ చెయ్యాలి, నమాజు చెయ్యాలి. వాటిలో మనసుకు నెమ్మది ఉంది. అంతమాత్రాన వైద్యం మానకూడదు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును సృష్టించాడని, కనుక చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. ఆ ఆదేశంలో శరీర రోగాలకే అన్న షరతు లేదు. సుమారు పదకొండు వందల ఏళ్ళ క్రితమే అబూ జైద్ అల్‌బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీర ఆరోగ్యంతోపాటు మనసు ఆరోగ్యం గురించి కూడా ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనిపించకుండా శరీరం నుండి పుట్టే దుఃఖం వేరు అని అందులో విడదీసి చెప్పారు. అటువంటి పూర్వీకులున్న మనం, బిడ్డ మాట్లాడడం మానేస్తే గాలి సోకిందని తావీజు కోసం ఊళ్ళు తిరుగుతున్నాం!

ఆత్మహత్య హరామ్. ఇందులో సందేహం లేదు. ప్రాణం అల్లాహ్ అమానతు. అయితే రోగబాధ ఓర్వలేక తన ప్రాణం తీసుకున్న ఒక ముహాజిర్ కోసం దైవప్రవక్త (సల్లం) క్షమాపణ వేడుకున్నారని సహీహ్ ముస్లింలో ఉంది. కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న ఇంటిముందు నిలబడి తీర్పులు చెప్పవద్దు. తీర్పు అల్లాహ్‌ది. బతికున్న బిడ్డలను కాపాడుకోవడం మన బాధ్యత.

మనం ఏం చేయాలి?

మొదటిది, అడగండి, వినండి. మార్కుల గురించి అడిగే ముందు నిద్ర గురించి, తిండి గురించి, స్నేహితుల గురించి అడగండి. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు దైవప్రవక్త (సల్లం) సేవలో ఉన్నారు. ఈ పని ఎందుకు చేశావు, ఆ పని ఎందుకు చేయలేదు అని ఆయన ఒక్కసారి కూడా గద్దించలేదని చెప్పారు. ఆ వయసు పిల్లవాణ్ణి మనం రోజుకు ఎన్నిసార్లు గద్దిస్తున్నామో లెక్క వేసుకుందాం. పక్కింటి పిల్లలతో పోల్చడం మానేద్దాం. ఎవరికీ శక్తికి మించిన భారం వేయనని అల్లాహ్ స్వయంగా చెప్పాడు. మనం వేస్తున్నాం.

రెండవది, శరీర హక్కు ఇవ్వండి. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తున్న ఒక యువ సహచరునికి, నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉందని దైవప్రవక్త (సల్లం) గుర్తు చేశారు. ఆరాధనలోనే ఆ హద్దు ఉన్నప్పుడు ఈఏపీసెట్, నీట్ చదువులకు ఉండదా? ఈ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టే హాస్టల్‌లో చేర్చే ముందు ఈ లెక్క చూసుకోండి.

మూడవది, రెండు వారాలకు పైగా పిల్లవాడు దిగులుగా, విసుగ్గా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే వైద్యుణ్ణి కలవండి. చనిపోతానన్న మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపవద్దు. రమజాన్‌లో మందు వేళల గురించి వైద్యుణ్ణి ముందే అడగండి. రోగికి ఉపవాస విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది.

నాలుగవది, బడిని అడగండి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని చెప్పింది. ఈ మాట మా మదరసాలకు కూడా వర్తిస్తుందని మేము ఒప్పుకుంటున్నాం. సబఖ్ అప్పజెప్పలేని పిల్లవాణ్ణి బెత్తంతో సరిచేయాలని చూసే ముందు, నిన్నటిదాకా చెప్పగలిగినవాడు ఈరోజు ఎందుకు చెప్పలేకపోతున్నాడని ఉస్తాదులం ఆలోచించాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి మార్కులు తగ్గితే చదువు మాన్పించి పెళ్ళి చేసేద్దామనుకోవడం వైద్యం కాదు. జబ్బును ఒక ఇంటి నుండి మరో ఇంటికి పంపడమే.

పాఠకులారా! ఆ మెకానిక్ కొడుకుకు ఒక ఏడాది చదువు పోయింది. మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయ్యాడు. ర్యాంకు రాలేదు. ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. మొన్న ఈద్ నమాజు తర్వాత తండ్రీకొడుకులు ఇద్దరూ వచ్చి ముఆనఖా చేశారు. ఈసారి మేము మార్కులు అడగలేదు. "నిద్ర పడుతోందా బేటా?" అన్నాము. "పడుతోంది హజ్రత్" అని నవ్వాడు. ఆ తండ్రి చెయ్యి కొడుకు భుజం మీదే ఉంది.

ఓ అల్లాహ్! మా పిల్లలను మా కళ్ళకు చలువగా చెయ్యి. వారి మనసులోని బాధను చూడగల కళ్ళు మాకు ప్రసాదించు. వారి శక్తికి మించిన బరువు మా చేతులతో వేయకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్!