ప్రసాదమును పథ్యమును

వృద్ధాశ్రమమున పండుగనాడు పంక్తి తీరినది. అందరి విస్తళ్లలోను బెల్లపు పాయసము పడినది. మధుమేహము గల ఒక వృద్ధభక్తుని విస్తరిలో మాత్రము జొన్నరొట్టెయు, ఆకుకూర పప్పును వడ్డించిరి. "నాకు ప్రసాదము లేదా?" అని ఆయన అడిగినచో వడ్డించువాడేమని చెప్పవలెను?

ప్రసాదము అష్టావరణములలో నొకటి. దానిని నిరాకరింపరాదు, వ్యర్థము చేయరాదు. పంక్తిలో భేదము చూపరాదు. ఈ నియమములను ముందుంచుకొని కొందరు పెద్దలు, ప్రసాదము కీడు చేయదని చెప్పి పాయసము పోయించెదరు. ఇందు భక్తి యెంత గలదో గాని, పొయ్యిమీద వేరొక గిన్నె పెట్టు శ్రమ తప్పించుకొనుటయు కొంత గలదు.

భక్తుడు ఇష్టలింగమునకు అర్పించిన పిమ్మటనే భుజించును. అర్పణచేత అన్నము ప్రసాదమగునే గాని తీపిచేత కాదు. ఉప్పు తగ్గించిన జావయైనను అర్పితమైనచో ప్రసాదమే. కావున పదార్థము వేరైనంతమాత్రమున పంక్తిభేదము కలుగదు. పథ్యము తినువారిని మూలగా కూర్చుండబెట్టి, అందరి భోజనము ముగిసిన తరువాత చల్లారినదానిని విసుగుతో వడ్డించుటయే పంక్తిభేదము.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ గలదు. శివునికి తల్లి లేదని చింతించి, ఆమె తానే తల్లియై ఆయనను శిశువుగా సాకినది. ఆ శిశువు వ్యాధి నటించి ఆహారము ముట్టకున్నప్పుడు తల్లడిల్లినది. దేవునికి రోగమేమని తర్కింపలేదు. దాసోహము చేయువానికి ఆ తల్లిచూపు కావలెను. అది యున్నచో కొన్ని సంగతులు తెలిసికొనక తప్పదు. ఇన్సులిన్ సూది వేయించుకొన్నవాడు పూజ ముగియువరకు ఆకలితో కూర్చుండరాదు. రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. అట్టివానికి జంగమార్చనకు ముందే వడ్డించుట అపచారము కాదు. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి, చూడవచ్చినవారు ప్రేమతో తెచ్చు అరటిపండ్లును కొబ్బరినీళ్లును హాని చేయవచ్చును. పక్షవాతముచేత మ్రింగుట కష్టమైనవానికి పలుచని నీరు ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము గలదు. వైద్యుడు చెప్పినంత చిక్కదనముతోనే ఈయవలెను.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పోషణ యను మాటలోనే ఆహారమును, వైద్యమును కలిపి చెప్పినది. మఠముల వంటశాలలు ఈ రెంటిని ఇంకను వేరుగానే చూచుట విచారకరము.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి గలదు. బుద్ధి స్థిరముగా నున్న ఎనుబదియేండ్ల వృద్ధుడు, ఫలితమెరిగియు, పాయసము కోరినచో నేమి? పథ్యము మిక్కిలి బిగించినచో అట్టివారు రుచి చచ్చి అన్నమే తగ్గించి కృశించుట గలదు. అందుచేతనే వైద్యులు పలువురు మిక్కిలి వృద్ధులకు నియమములు సడలించుచున్నారు. వైద్యునడిగి, ఆ పూట రొట్టెలో కొంత తగ్గించి, రెండు చెంచాల పాయసము పెట్టుట తరచుగా సాధ్యమే. ఆయన వలదన్నచో ఆ సంగతి వృద్ధునితోనే, ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. ఆయన ఎదుటనే యుండగా కొడుకుతో చెప్పి విస్తరి తీసివేయుట తగదు.