పాములు మోయు ప్రతిమ

ఇటలీ దేశపు నడిమి భాగమున అబ్రుజ్జో అను కొండసీమ కలదు. అందు కొకుల్లో అనునది ఒక చిన్న పల్లె. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్న ఆ ఊరిలో నేడు కాపురముండువారు రమారమి 200 మంది. తక్కినవారు బ్రతుకుదెరువు వెదకికొనుచు పట్టణములకును పరదేశములకును వెళ్లిపోయిరి. అట్టి ఊరు ఏడాదికొక్క దినమున వేలకొలది జనముతో నిండును. పూర్వము మే నెల మొదటి గురువారమున జరుగుచుండిన ఆ పండుగ ఇప్పుడు మే 1వ తేదీని జరుగుచున్నది.

వారు స్మరించు భక్తుని పేరు దొమెనికో. ఈయన 951లో ఫొలిన్యో పట్టణమున జన్మించి, మఠములు స్థాపించుచు తిరిగి, 1031లో సోరా అను చోట కన్నుమూసిన సన్యాసి. ఆయన పన్ను ఒకటియు, ఆయన ఎక్కిన కంచరగాడిద నాడెము ఒకటియు తమ గుడిలో నున్నవని కొకుల్లోవారు చెప్పుదురు. పాముకాటునుండియు, పిచ్చికుక్క కాటునుండియు, పంటి నొప్పినుండియు ఆయన కాపాడునని వారి నమ్మకము.

మంచు కరిగి ఎండ కాయనారంభింపగానే పాములు పట్టువారు కొండలలోనికి పోవుదురు. వారిని ఆ భాషలో సెర్పారి అందురు. రాళ్ల సందులలోను పొదలలోను వెదకి, విషములేని జాతులనే పట్టి, పండుగవరకు భద్రముగా ఉంచుదురు. పండుగనాడు మిట్టమధ్యాహ్నమున భక్తుని ప్రతిమను గుడి వెలుపలికి తెచ్చి, ఆ పాములను దాని మెడమీదను భుజములమీదను వేయుదురు. అవి సజీవముగా చుట్టుకొనుచు, జారుచు నుండగా ఇరుకు వీధులలో ఊరేగింతురు. పాతకాలపు దుస్తులు ధరించిన కన్యలు తియ్యని రొట్టె చుట్టలు నింపిన బుట్టలను తలలమీద మోయుచు నడతురు. గుడిలోనైతే జనులు వరుసగా వచ్చి, గంట త్రాడును పండ్లతో పట్టి లాగుదురు. గుడిలోని మట్టిని పిడికెడు తీసికొనిపోయి తమ పొలములలో చల్లువారును కలరు.

ఇంతవరకు చదివి, ఇది విగ్రహారాధనయే అని పత్రికను మూసివేయువారు మనలో నుందురు. కొంచెము ఆగుడి. ఆ కొండలలో గొఱ్ఱెలు మేపుకొని బ్రతికినవారికి పాము ఒక కథ కాదు. పాముకాటుకు విరుగుడు మందు 1890ల దశాబ్దమున గాని లోకమునకు రాలేదు. చీకటిలో చేనికి నీరు కట్టబోవు మన రైతుకు ఆ భయమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. దొమెనికో పుట్టుటకు ఎన్నో శతాబ్దములు ముందే ఆ ప్రాంతమందలి మార్సీ జాతివారు పాములను లొంగదీయువారని పేరొందిరి. అంగితియా అను దేవతను కొలిచిరి. ఈ పండుగ వేరు అక్కడనే యున్నదని కొందరు పండితుల అభిప్రాయము. అట్లే కావచ్చును. అయినను వేరు ఎక్కడనున్నదని అడుగుటకంటె, నేడు దాని ఫలమెట్టిదని అడుగుట మేలని నాకు తోచుచున్నది.

మన గ్రంథములోనే ఒక ఇత్తడి సర్పము కలదు. దేవుని ఆజ్ఞచొప్పుననే మోషే దానిని చేయించెను (సంఖ్యాకాండము 21). కొన్ని వందల యేండ్లకు ప్రజలు దానికి ధూపము వేయుచుండగా, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను (2 రాజులు 18). ఇత్తడి అదే ఇత్తడి. మారినది దానివైపు చూచువారి మనస్సు. జ్ఞాపకార్థముగా నుండవలసినది రక్షకుని పీఠమెక్కెను. అయితే హిజ్కియా పగులగొట్టినది లోహమునే గాని ఆ వృత్తాంతమును కాదు. ప్రభువు నీకొదేముతో మాటలాడు రాత్రి ఆ సర్పమునే దృష్టాంతముగా తీసికొనెను (యోహాను 3).

కొకుల్లోలో ఇంకొక నమ్మకము కలదు. పాము ప్రతిమ కన్నులను కప్పినయెడల ఆ యేడు కీడు కలుగునట. ఇక్కడ మాత్రము నేను వారితో ఏకీభవింపజాలను. పాము తనకు పట్టు దొరికినచోటికి ప్రాకును. రేపటి పంట సంగతి దానికేమి తెలియును? పౌలు మెలితే ద్వీపమున చలిమంట వేయుచుండగా సర్పము ఆయన చేతిని పట్టెను. ద్వీపవాసులు మొదట ఆయనను నరహంతకుడనిరి; ఆయన చావకపోగా దేవుడనిరి (అపొ. కార్యములు 28). పాము ఒక్కటే, తీర్పులు రెండు, రెండును తప్పే. ఆయన మాత్రము దానిని మంటలో విదిలించి, రోగులను చూడబోయెను.

ఇట్లనుచు నేను ఆ పల్లెవారిని ఎగతాళి చేయుటలేదు. జ్వరముతో నున్న బిడ్డ దిండు క్రింద బైబిలు ఉంచి, దానిని తెరచి ఒక్క వచనమైనను చదువని ఇండ్లు మన సంఘములలో లేవా?

మరియు ఆ పండుగలో నేను మెచ్చుకొను సంగతులు కలవు. ఇతర గ్రామములలో పాము కనబడగానే కఱ్ఱ తీయుదురు. అక్కడి పిల్లవాడు దానిని నొప్పింపక పట్టుట నేర్చుకొనును. చట్టము ఆ పాములను కాపాడుచున్నందున వాటిని పట్టుటకు అనుమతి పొందవలెను. శాస్త్రజ్ఞులు వచ్చి వాటిని తూచి, కొలిచి, ఆరోగ్యము పరీక్షింతురు. పండుగ ముగిసిన పిమ్మట ప్రతి పామును పట్టినచోటికే కొనిపోయి విడుతురు. ఊరు విడిచి పోయిన కుమారులును మనుమలును ఆ ఒక్క దినమైనను తల్లి గడప త్రొక్కుదురు. ఇందులో దేవునికి అయిష్టమైనది నాకేమియు కనబడుటలేదు.

2020లో కరోనా తెగులువలన ఇటలీ అంతయు తలుపులు మూసికొని యుండగా ఆ ఊరేగింపు జరుగలేదు. అట్టి యేడు మనస్సులోని సంగతిని బయటపెట్టును. ఊరేగింపే తన్ను పాముకాటునుండి కాపాడునని నమ్మినవాడు ఆ వేసవియంతయు గడ్డిలో కాలు పెట్టుటకు భయపడి యుండవలెను. తాను కాపాడబడినందుకు కృతజ్ఞత చెల్లించుటయే పండుగ అనుకొనినవాడు దానిని తన ఇంటిలోనే మోకరించి చెల్లింపగలడు. ఇద్దరును ఏటేట ఒకే వీధిలో ఒకే ప్రతిమ వెంట నడచువారే. ప్రక్కనున్నవానికి తేడా తెలియదు.

అందుచేత ఆ పండుగను హిజ్కియావలె పగులగొట్టవలెనా అని నన్నడిగినయెడల, పంటితో గంట లాగుటను, శకునములు చూచుటను విడువవలెననియు, రొట్టెలును పాములును ఇంటికి మరలివచ్చుటయు నిలువవచ్చుననియు చెప్పుదును. అయితే హిజ్కియా యూదా రాజై, తన ప్రజల మధ్యనున్న దానిని పగులగొట్టెను. కొకుల్లోలో ఏది విడువవలెనో ఏది నిలుపవలెనో చెప్పవలసినవారు అక్కడి కాపరులును, ఆ త్రాడును పండ్లతో పట్టిన ముసలమ్మలును.