ఆ పొద్దు దానిది

మా జేజి నోట భక్తి అనే మాట ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. "భయం భక్తీ ఉండల్ల అబ్బీ" అనేది. కడప జిల్లా మైలవరంలో మా ఇంటి గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు పూసి బొట్లు పెట్టేది. ఆ గడప మీద కూచుంటే వీపు చిట్లేది. పెన్నకు నీళ్లొచ్చినాయని తెలిస్తే ఒడ్డుకు పోయి, పసుపూ కుంకుమా వేసి దండం పెట్టుకుని, మళ్లీ అదే చేత్తో మమ్మల్ని వెనక్కి లాగేది. ఆమెకు దండం పెట్టడమూ వెనక్కి లాగడమూ ఒకే పని. భయభక్తులు ద్వంద్వ సమాసమనీ, అందులో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యమనీ నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో చెప్పాను. భక్తి పక్కన భయం ఎందుకు అంత గట్టిగా కూచుందో మాత్రం మొన్న మాఘమాసంలో, బైర్లూటి అడవిలో, ఒక వాగు పక్కన తెలిసింది.

మా మనవడు ఎనిమిదో తరగతి. పులిని చూపించమని ఏడాదిగా అడుగుతున్నాడు. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, నంద్యాల, ఆత్మకూరు మీదుగా పోయి బైర్లూటిలో రాత్రి పండుకుని, తెల్లారకముందే అటవీశాఖ జీపు ఎక్కినాం. అదంతా నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. రాష్ట్రం విడిపోయినాక కృష్ణకు అవతలి అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. అయినా ఇవతల మిగిలిందే దేశంలోని పులుల రిజర్వులన్నిటిలోకీ పెద్దది. 2018 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు తేలాయి, 2022లో 63. వాటిలో ఎక్కువ భాగం ఈ అడవివే. అంత అడవికి ఇన్ని పులులు. కనబడకపోవడమే సహజమని మావాడికి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను.

మాకు దారి చూపించిన మనిషి చెంచు. ఖాకీ చొక్కా, కాళ్లకు చెప్పులు, మెడలో తువ్వాలు. వెదురు పొదలు దాటినాక వాగు దగ్గర జీపు ఆపించి ఇసుక వైపు వేలు చూపించాడు. నా అరచెయ్యి కంటే వెడల్పయిన అడుగు. గోళ్ల గుర్తు లేదు.

"రాత్రిది కాదు సారూ, తెల్లారుజాముది" అన్నాడు.

"ఎట్లా తెలుస్తుంది?"

"అంచు ఇంగా రాల్లేదు సూడు. దీని మీద ఆకు గూడా పడల్యా."

ఆ మాట అంటుండగానే గట్టు మీద చెట్ల కొసన కొండముచ్చు ఒకటి ఖర్‌మని దగ్గినట్టు అరిచింది. వెంటనే లోపల ఎక్కడో దుప్పి కూత. డ్రైవరు ఇంజను ఆపేశాడు. చెంచు మనిషి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు అట్లనే ఉన్నాం. ఆ ఇరవై నిమిషాల్లో నా అరవై తొమ్మిదేళ్ల ఒళ్లు చేసిన పనులు నాకు గుర్తున్నాయి. శ్వాస దానంతట అదే చిన్నదైంది. చెవులు ముందెప్పుడూ వినని వాటిని విన్నాయి, మద్దిచెట్టు బెరడు మీద ఏదో పాకుతున్న చప్పుడు కూడా. మనవడి చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. కాసేపటికి చూసుకుంటే నా రెండు చేతులూ వాడి చేతిని మధ్యలో పెట్టుకుని జోడించి ఉన్నాయి. నేను జోడించలేదు. గర్భగుడి ముందు హారతి వేళ కూడా ఈ మధ్య నాకు అట్లా జరగలేదు. అక్కడ నా మనసు క్యూ మీద, చెప్పుల మీద, వెనకనుంచి తోసేవాళ్ల మీద ఉంటుంది.

పులి కనబడలేదు. కొండముచ్చు ఊరుకుంది, జీపు కదిలింది.

తిరుగుదారిలో ఆ మనిషిని అడిగాను: "మీకు భయం వెయ్యదా?" ఆయన తేలిగ్గా చెప్పేశాడు. "ఎందుకెయ్యదు సారూ? తేనెకు పోతాం, గడ్డలకు పోతాం. పొద్దుగూకినాక మాత్రం నీళ్ల తావుకు పోము. ఆ పొద్దు దానిది."

ఆ మాట మైలవరం దాకా నాతోనే వచ్చింది. దాంతోపాటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట శివరాత్రి ముందు మేమొక వ్యాను మాట్లాడుకుని శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఘాట్ రోడ్డు గేటు మూసేశారు. పులులు తిరిగే అడవి కాబట్టి తెల్లారి ఆరుకు గానీ తెరవరు. అక్కడ కాపలా ఉన్న పిల్లవాడితో అందరికంటే గట్టిగా వాదించింది నేనే. "దేవుడి దగ్గరికి పోయేవాళ్లను ఆపుతావా?" అన్నాను. అతను ఎదురు మాట్లాడలేదు, గేటూ తెరవలేదు. వ్యానులోనే పండుకున్నాం. ఆ రాత్రి నేను పలికిన మాటకు ఈ రోజు సిగ్గుపడుతున్నాను. తిరుమలలో ఏకాంతసేవ అయినాక బంగారు వాకిలి మూస్తే, తెరవమని ఎవరం వాదిస్తాం? ఆ సమయం స్వామిదని ఒప్పుకుంటాం. మల్లన్న కొండకు పోయే అడవిలో రాత్రి ఇంకొక ప్రాణిదంటే మాత్రం ఒప్పుకోలేకపోయాను.

హిరణ్యకశిపుడి వరాన్ని మనం తెలివైన చిక్కుముడిగా చెప్పుకుని నవ్వుకుంటాం. పగలు చావు రాకూడదు, రాత్రి రాకూడదు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా నాకు తట్టని సంగతి ఒకటుంది. వాడు అడిగింది చావు లేకపోవడమొక్కటే కాదు. ఏ వేళా, ఏ చోటూ తనది కాకుండా ఉండకూడదని అడిగాడు. ఇది నీ పొద్దు కాదు, ఇది నీ తావు కాదు అని చెప్పే నోరు లోకంలో లేకుండా చేసుకున్నాడు. స్వామి ఏం చేశాడు? సందెవేళ వచ్చాడు. గడప మీద కూచున్నాడు. సగం మృగమై వచ్చాడు. సందెపొద్దే కదా, పులి లేచి నీళ్లకు నడిచే వేళ. మృగంలో దేవుణ్ని చూడడానికి మనవాళ్లు జంకలేదు. ఆ కథ జరిగిన చోటని నమ్మే అహోబిలం ఇదే నల్లమలలో ఉంది, మనకు ఆళ్లగడ్డ అవతలే. తిరుమల వెంకన్నకు గడప కాబట్టి కడప అని పేరొచ్చిందని చెప్పుకునే జిల్లా మనది. గడప మీద కూచున్నందుకు జేజి ఎందుకు కొట్టేదో మనకు ఇంకొకరు చెప్పాలా?

ఈ సంగతి చెబితే నా స్నేహితుడొకాయన ఒప్పుకోలేదు. ఆయన రోజూ భాగవతం చదువుతాడు. "స్వామి ఉగ్రంగా ఉంటే దేవతలు దగ్గరికి పోలేకపోయారు, లక్ష్మీదేవే వెనకాడింది. ప్రహ్లాదుడొక్కడే పోయి కాళ్ల మీద పడ్డాడు. భయం లేనివాడికే కదప్పా దర్శనం దొరికింది?" అన్నాడు. మంచి ప్రశ్న. దీని మీద చాలా రోజులు ఆలోచించాను. ప్రహ్లాదుడికి భయం లేదు, నిజమే. కానీ వాడు ఆ పాదాల ముందు సాగిలపడ్డాడు, పక్కన నిలబడి వాటా అడగలేదు. భయం పోయినా దాని మర్యాద వాడిలో నిలిచింది. అంతటి ప్రహ్లాదుణ్ని కాని నాకు, భయం ద్వారానే ఆ మర్యాద అలవడుతుంది. జేజి నన్ను పెన్న ఒడ్డు నుంచి లాగింది అందుకే. మైలవరం డ్యామ్ కట్టినాక మాకు ఏరంటే ఆ జంకు పోయింది. గేట్లెత్తితే ఫోన్లు పట్టుకుని అంచు దాకా పోతున్నాం. 2021 నవంబర్ 19న ఇదే జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లను ఊడ్చుకుపోయినప్పుడు ఆ జంకు కొన్నాళ్లు గుర్తొచ్చింది, మళ్లీ మరిచాం.

అహోబిలంలో కథ ప్రహ్లాదుడితో ఆగదు. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడంటారు. సంక్రాంతి పండగ నాళ్లలో మొదలయ్యే పారువేటలో ఉత్సవమూర్తులు పల్లకీలో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతారు, కల్యాణానికి రమ్మని పిలవడానికి. మెట్లు కట్టించిన రాజుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ కట్టించాడు. కానీ స్వామి చుట్టరికం కలుపుకున్నది మాత్రం ఆ అడవిలో ఏ పొద్దు ఎవరిదో తెలిసిన ఇంటితో. అందుకే పులుల పేరు చెప్పి చెంచుగూడేలను అడవి దాటించాలనే మాట విన్నప్పుడల్లా నా మనసు ఒప్పుకోదు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల హక్కును గుర్తించింది. సందెవేళ నీళ్ల తావుకు పోనివాళ్లను పంపించి, రాత్రి గేటు దగ్గర వాదించే నాలాంటివాళ్లకు దారి వెయ్యడం అధర్మం.

ఇంటికొచ్చినాక మనవడు వాళ్లమ్మతో చెబుతుంటే విన్నాను. "పులి కనపల్యామ్మా. కానీ ఉంది" అన్నాడు. వాడి గొంతు తగ్గి ఉంది, జీపులో ఉన్నప్పటిలాగే.

శ్రీశైలం పోయేవాళ్లకు ఒక మనవి. దోర్నాల గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు. మైలవరం నుంచైతే మధ్యాహ్నం అన్నం తిని వెంటనే బయలుదేరండి. ఆలస్యమైతే గేటు ఇవతలే పండుకోండి. కాపలా ఉన్న పిల్లవాడితో వాదించొద్దు.