చివరిదాకా దాచిన కాలు

వేసవి సెలవులకి మా ఆడపడుచు కూతురు వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. ఎత్తుచెప్పు వేసుకుని నడుస్తుంది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాకెంతో ఇష్టమైన చిన్న సినిమా ఒకటి దానికి ఫోనులో చూపించాను. 2014లో జర్మనీ విద్యార్థి జాకబ్ ఫ్రే తీసిన బొమ్మల సినిమా, ‘ది ప్రెజెంట్’. నాలుగు నిమిషాలే.

వీడియో ఆటలో మునిగిపోయిన కుర్రాడికి వాళ్లమ్మ ఓ పెట్టె తెచ్చిస్తుంది. అందులో కుక్కపిల్ల! వాడు మురిసిపోతాడు. అంతలో దానికి ముందుకాలు ఒకటి లేదని చూసి విసిరేస్తాడు. అయినా అది పడుతూ లేస్తూ బంతితో ఆడి వాడి మనసు కరిగిస్తుంది. ఆడుకుందామని వాడు లేచినప్పుడు గాని మనకి తెలియదు, వాడికీ ఒక కాలు లేదని.

ఎప్పటిలాగే కళ్లు తుడుచుకుని దానివంక చూశాను.

“బావుంది అత్తయ్యా” అంది. “కానీ వాడి కాలు మనకే గదా దాచారు? వాడికి ముందే తెలుసు. నా కాలు నాకు చివర్లో కనపడుతుందా ఏమిటి? పొద్దున్నే చెప్పు వెతుక్కునేటప్పుడే కనపడుతుంది.”

నాకు జవాబు తోచలేదు. కాఫీ మిషతో వంటింట్లోకి వెళ్లాను. పాలు కాగుతున్నంతసేపూ అదే ఆలోచన. ఆ ఆశ్చర్యమంతా ఎవరికోసం? రెండు కాళ్లూ బాగున్న నాకోసమే. మంథర గూనిని దుర్బుద్ధికి గుర్తుగా చెప్పుకున్న మనం, ఇప్పుడు నాగరికులమై, ఒకరి అవిటితనంతో మన కన్నీళ్లు తెప్పించుకుంటున్నామేమో! అలాగని ఆ సినిమా చెడ్డదనను సుమండీ. కుక్కపిల్లలో తన్ను తానే చూసుకుని మండిపడ్డ ఆ పిల్లవాడి కోపం అబద్ధం కాదు.

సాయంత్రం అదే నాకొకటి చూపించింది. 2020లో పిక్సార్ వారు విడుదల చేసిన ‘లూప్’. దర్శకురాలు ఎరికా మిల్సమ్. ఆటిజం ఉండి మాటలు రాని పదమూడేళ్ల రెనీనీ, వసపిట్టలాంటి మార్కస్‌నీ ఒకే పడవ ఎక్కిస్తారు. ఇద్దరూ తెల్లపిల్లలు కారు. ఆ సంగతి కథలో ఎవరూ ఎత్తరు. రెనీకి గొంతునిచ్చిన మాడిసన్ బాండీకీ ఆటిజమే, ఆ అమ్మాయికీ మాటలు రావు. ఇందులో దాచిందేమీ లేదు. రెల్లు చేతికి తగిలితే రెనీకి ఆనందం. మోటారుబోటు మోతకి బెదిరి, ఒడ్డున పడవకింద దూరుతుంది. మార్కస్ ఏం చేస్తాడనుకున్నారు? ఒక రెల్లుకాడ తెచ్చి పక్కన పెట్టి, తను ఊరికే కూర్చుంటాడు. ఆ ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, ముందు నాకే.

ఊరికి వెళ్లేరోజు అది మెట్లు దిగుతుంటే అలవాటుకొద్దీ మోచెయ్యి పట్టుకోబోయాను. ఏమనిపించిందో, ఆగి, ఆవకాయ జాడీ ఉన్న సంచి దాని చేతికే ఇచ్చాను.

“జాగర్తే, నూనె ఒలుకుతుంది.”

“తెలుసులే అత్తయ్యా” అంటూ దిగిపోయింది.