అప్పగింత

గత మార్చి నెలలో మా ఇంటి నుండి చుక్క వెళ్లిపోయింది. చుక్క అంటే నుదుట తెల్లని మచ్చ ఉన్న ఒక గోధుమరంగు ఊరకుక్క. దాదాపు ఐదు నెలలు మా వంటింటి గడప దగ్గర గోనెపట్టా మీద పడుకున్నది. దానిని తీసుకుపోవడానికి పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుండి వచ్చిన దంపతులు మంచివారే. కారు కదులుతున్నప్పుడు చుక్క వెనుక అద్దంలో నుండి మా గేటు వైపే చూసింది. పదేళ్ల మా మనుమరాలు నా కొంగు పట్టుకొని, "అవ్వా, దానికి మనం అబద్ధం చెప్పాము కదా?" అని అడిగింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినదానిని, ఆ ఒక్క ప్రశ్నకు నోరు పెగలలేదు.

ఈ పనిని ఇక్కడ దర్బన్‌లో ఫోస్టరింగ్ అంటారు. వీధిలో దొరికిన కుక్కలను, యజమానులు వదిలివేసిన కుక్కలను జంతు సంరక్షణ సంఘాలవారు చేరదీస్తారు. వారి గదులు ఎప్పుడూ నిండి ఉంటాయి. చోటు లేనప్పుడు ఏ రోగమూ లేని కుక్కకు కూడా సూదిమందు ఇచ్చి ప్రాణం తీయవలసి వస్తుంది. ఎవరైనా ఒక కుక్కను కొంతకాలం తమ ఇంట ఉంచుకుంటే ఒక గది ఖాళీ అవుతుంది, ఆ గదిలో మరొక ప్రాణి బ్రతుకుతుంది. టీకాలు పూర్తికాని కూనలకైతే ఇది మరీ అవసరం. కిక్కిరిసిన చోట పార్వో వ్యాధి సోకితే వాటిలో చాలా మటుకు దక్కవు. మన క్వాజులు-నటాల్‌లో రేబిస్ ఉన్నది కనుక దాని టీకా చట్టప్రకారం తప్పనిసరి. పిడుదులు కుట్టితే వచ్చే బిలియరీ జ్వరం మరొక భయం. చిగుళ్లు తెల్లబడినాయా అని నేను ప్రతి ఉదయం చూస్తాను. శాశ్వతంగా పెంచుకొనేవారు దొరికినప్పుడు సంఘంవారు వెళ్లి వారి ఇల్లు, గోడ, గేటు చూసి వస్తారు. ఆ తరువాతనే కాగితం మీద సంతకం.

చుక్క మాకు దొరికింది దీపావళి మరునాడు. పొరుగువారి బక్కీ కింద దూరి వణుకుతూ ఉన్నది. మెడకు తెగిన గొలుసు ముక్క వేలాడుతున్నది. టపాకాయల చప్పుడుకు బెదిరి ఎంత దూరం పరుగెత్తినదో ఎవరికి తెలుసు? దాని కోసం ఎవరూ రాలేదు. ఈ మాట దేవాలయ పత్రికలో వ్రాయడం కొందరికి రుచించకపోవచ్చు. కాని దీపాల పండుగ మరునాడు చాట్స్‌వర్త్ వీధులలో నడిచి చూడండి. మనం వెలిగించిన వెలుగుకు ఎవరు మూల్యం చెల్లించారో కనిపిస్తుంది.

మనుమరాలి ప్రశ్న దగ్గరకు వస్తాను. వదలుకోవాలని ముందే తెలిసి ఒక ప్రాణికి ప్రేమ చూపడం మోసమా?

నాకు మొదట గుర్తుకు వచ్చినది భాగవతంలోని భరతుని కథ. బొప్పరాజు గంగన తెనిగించిన పంచమ స్కంధంలో ఉన్నది. రాజ్యం విడిచి గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్న భరతుడు, తల్లి చనిపోయిన జింకపిల్లను ఏటిలో నుండి ఎత్తి పెంచుతాడు. పెంచి పెంచి దానినే తలచుకుంటూ ప్రాణం విడిచి, మరుజన్మలో జింకగా పుడతాడు. మా సాయంత్రపు తెలుగు తరగతిలో గురువుగారు ఈ కథ చెప్పి, మమకారం ఎంత చెడ్డదో చూడండి అన్నారు. ఆయన మీద గౌరవం ఉన్నది, కాని నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ రోజు భరతుడు కళ్లు మూసుకొని జపం చేసుకుంటూ ఉంటే జింకపిల్ల మునిగిపోయేది. ఎత్తుకోవడం తప్పు కాదు. అది పెద్దదై అడవిలో తన మందను చేరవలసిన వేళ వచ్చినా చేయి వదలలేకపోవడమే అతని చిక్కు. మా పనిలో కూడా ఈ చిక్కు ఉన్నది. తెచ్చుకున్న కుక్కను ఇవ్వలేక తానే ఉంచుకున్నవారిని సంఘంవారు నవ్వుతూ "ఫోస్టర్ ఫెయిల్" అంటారు. అందులో తప్పేమీ లేదు, ఆ కుక్క సుఖంగానే ఉంటుంది. అయితే ఆ ఇంట ఖాళీ అయ్యే చోటు ఇక ఉండదు.

రెండవ కథ దీనికి ఎదురు నిలుస్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది ఒక కుక్క. స్వర్గంలో కుక్కకు చోటు లేదని ఇంద్రుడు అంటే, నన్ను నమ్మి వచ్చినదానిని విడిచి రాను అంటాడు. ద్రౌపదిని, తమ్ములను విడిచావు కదా అని అడిగితే, వారు చనిపోయిన తరువాతనే విడిచాను, బ్రతికి ఉండగా కాదు అని జవాబిస్తాడు. చుక్క బ్రతికే ఉన్నది, నన్ను నమ్మే ఉన్నది. అయినా నేను విడిచాను. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. 1860 నవంబర్ 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ మొదటి కూలీలతో ఈ రేవు చేరింది. మా ముత్తాత ఆ తరువాత ఎన్నో ఓడల వెనుక విశాఖపట్నం వైపు నుండి వచ్చాడు. పేరు పక్కన ఒక సంఖ్య, ఐదేళ్ల ఒప్పందం. ఏ చెరకు తోటకు పోవాలో ఆయన ఎంచుకోలేదు. కాగితం చదవలేనివాడు వేలిముద్ర వేశాడు. అటువంటివాని మునిమనుమరాలు ఒక ప్రాణిని కాగితం మీద ఇంకొకరికి అప్పగించవచ్చునా? చుక్కకు వేలిముద్ర వేసే అవకాశం కూడా లేదు.

చాలా రోజులు ఆలోచించి నేను చేరిన చోటు ఇది. ముత్తాతను అప్పగించినది తోట యజమాని లాభం కోసం. ఆయన ఎలా ఉన్నాడో చూడటానికి ఆయన మేలు కోరినవారెవరూ ఆ గేటు దాకా రాలేదు. చుక్క విషయంలో ముందుగా ఆ ఇల్లు చూసినవారున్నారు. కుదరకపోతే సంఘానికే తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో వ్రాసి ఉన్నది. పదేళ్లు గడిపిన కూలీకి కూడా తిరుగు ప్రయాణపు హక్కు ఉండేది నిజమే, కాని పదేళ్లు చాలా ఎక్కువ కాలం. చుక్కకు మా తలుపు మొదటి రోజు నుండే తెరిచి ఉన్నది. విడవడం వేరు, అప్పగించడం వేరు. మన పెళ్లిళ్లలో కూతురి చేతులు పాలలో ముంచి అత్తవారి చేతులలో పెడుతూ తల్లిదండ్రులు ఏడుస్తారు. ఆ ఏడుపును మనం ఎవరమూ మోసం అనము.

ఈ భేదం నాకు చిన్నప్పుడే తెలిసి ఉండవలసింది. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1964లో మమ్మల్ని కేటో మేనర్ నుండి చాట్స్‌వర్త్‌కు పంపించివేశారు. నాకప్పుడు ఆరేళ్లు. మాకు మోతి అనే కుక్క ఉండేది. లారీలో చోటు లేదన్నారు. నాన్న దానికి ఒక గిన్నెలో అన్నం పెట్టి, అది తింటూ ఉండగా లారీ ఎక్కాడు. ఎవరికైనా ఇచ్చావా నాన్నా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తరువాత ముప్పై ఏళ్లు మా ఇంట ఇంకొక కుక్క రాలేదు. ఆయనను నేను తప్పు పట్టను. ఇల్లే పోగొట్టుకున్నవాడు కుక్కకు ఇల్లు ఎక్కడ వెతుకుతాడు?

ఇదంతా మనుమరాలికి చెప్పాను, మోతి సంగతితో సహా. అది చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే చుక్కకు మనం గుర్తుంటామా?" అన్నది. కుక్కలు మనుషులను చాలా కాలం గుర్తుపెట్టుకుంటాయి అన్నాను. అది దానికి సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు.

ఇప్పుడు మా ఇంట రెండు నల్లని కూనలున్నాయి. రెండవ టీకా వచ్చే వారం. మనుమరాలు పాలగిన్నెలు కడుగుతుంది, రాత్రి వాటి దగ్గర కూర్చుంటుంది, కాని ఈసారి పేర్లు పెట్టనంటున్నది. నేనూ బలవంతం చేయలేదు.