అంగడిలో మన పద్దు

ధ్యాన భాగములు: లేవీయకాండము 25:14, సామెతలు 20:14, రోమా 13:8



క్రిస్మసు నెల వచ్చినదనిన మన పల్లెలలో మొదట పుట్టు మాట కొత్తగుడ్డలను గూర్చినదే. కలమల్ల, ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రాంతములవారము శెనక్కాయలమ్మిన డబ్బో, కూలి డబ్బో కొంగున ముడివేసికొని ప్రొద్దుటూరికి పోవుట మన వాడుక. బంగారమును బట్టియు గుడ్డలను బట్టియు ఆ పట్టణమునకు రెండవ బొంబాయి అని పేరు వచ్చినది. జమ్మలమడుగువారును పులివెందులవారును పెండ్లి గుడ్డలకు అక్కడికే వచ్చుచుండిరి. ఆడవారికి కోకలు, పిల్లలకు చొక్కాలు కొని, మిగిలిన చిల్లరతో ఇంత మిఠాయి కట్టించుకొని, కడపటి బస్సులో ఇల్లు చేరుట పండుగలో సగమై యుండెను.

ఈ సంవత్సరములలో ఆ ప్రయాణము తగ్గినది. ఫోనులో బొమ్మ చూచి వ్రేలితో ఒత్తినయెడల కోక వాకిటికే వచ్చుచున్నది. ఇది ఒక్క దినమున వచ్చిన మార్పు కాదు. 2007లో బెంగుళూరులో ఇద్దరు యౌవనస్థులు పుస్తకములమ్ముటకై ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిరి. వస్తువు చేతికి వచ్చిన పిమ్మట డబ్బు ఇచ్చు పద్ధతిని వారు 2010లో తెచ్చిరి. బ్యాంకు కార్డు లేని మనవంటివారికి తలుపు తెరచినది అదియే. 2013లో అమెరికా సంస్థయైన అమెజాన్ మన దేశములో అమ్మకము ప్రారంభించెను. 2016లో ఫోను డేటా వెల మిక్కిలి పడిపోగా, అంతవరకు పట్టణపు వారిదైన ఈ బేరము పల్లె పల్లెకును పాకెను.

ఇతర దేశములలో ఇది ఇంకను ముందుగా జరిగినది. ఇంగ్లండులో 1778 నుండి నడచిన డెబెన్‌హామ్స్ అను పెద్ద గుడ్డల అంగడి 2021 మే నెలలో తన కడపటి తలుపులు మూసికొనెను. అప్పులును అద్దెలును కూడ దానిని క్రుంగదీసినవి గాని, నిందయంతయు ఫోనుదే యని చెప్పరాదు. ఆ పేరును మాత్రము వేరొక సంస్థ కొని ఇంటర్నెట్టులో అమ్మకమునకు వాడుకొనుచున్నది. అంగడి పోయి పేరు మిగిలెను.

మన యొద్దకు వత్తము. కలమల్లకు చేరువనున్న ఒక పల్లెలో చిల్లర అంగడి పెట్టుకొనిన శెట్టిగారు ఒకరుండిరి. ఆ సందున గృహదర్శనమునకు పోయినప్పుడెల్ల మేము వారి అరుగుమీద కొంతసేపు కూర్చుండు వాడుక కలదు. వ్యాపారమెట్లున్నదని ఒకనాడడిగితిమి. ఆయన నవ్వి, “ఉద్దరకు నేను, రొక్కానికి ఫోను, అయ్యగారూ” అనెను.

ఆ మాటను మేము ఇంటికి తెచ్చుకొని చాల దినములు తలపోసితిమి. బియ్యము, బ్యాళ్లలో అంగడివానికి మిగులునది స్వల్పము. సబ్బులు, చెప్పులు, టార్చిలైట్లు, స్టీలు గిన్నెలు, పిల్లల గుడ్డలు, వీటిమీద వచ్చు లాభమే అతడు మనకు నెలల తరబడి అప్పిచ్చుటకు ఆధారము. ఇప్పుడు ఆ సరకంతయు సూరతునుండియు ఢిల్లీనుండియు వచ్చుచున్నది; లాభములేని సరకును, దానిమీది అప్పును శెట్టిగారికి మిగిలినవి. గొప్ప సంస్థలు తమ పెట్టుబడిదారుల ధనముతో ఏండ్ల తరబడి నష్టమునకోర్చి తక్కువ వెలకు అమ్మగలవు. పల్లెలోని అంగడివాడు ఒక్క యేడు నష్టపడినయెడల వాని కూతురి పెండ్లి ఆగును.

అయితే అంగళ్లను గూర్చి మాటలాడుచు ఒక సంగతిని దాచిపెట్టినయెడల అది దేవునియెదుట సత్యము కాదు. మన తాతలలో అనేకులు అంగడి మెట్టు ఎక్కినవారు కారు. వాకిట నిలిచి కేకవేయవలెను. డబ్బు నేలమీద పెట్టవలెను. సరకును తాకకుండ పైనుండి కొంగులో పడవేయుదురు. గుడ్డను చేతితో ముట్టి చూచుటకు వీలులేదు. మన రాజ్యాంగపు 15వ అధికరణము అంగళ్ల పేరెత్తి, వాటిలో ప్రవేశించుటకు కులమడ్డము కాకూడదని చెప్పవలసివచ్చెననిన, ఆ బాధ యెంతటిదో తలంచుడి. 1955లో దానిని నేరముగ నెంచు చట్టమును వచ్చినది. చట్టము వచ్చిన మరునాడే ఆ వాడుక పోలేదని ముసలివారు మనకు చెప్పుదురు.

సంఘములోని ఒక చెల్లెలు మాతో, “ఫోను మా ఇంటి గుర్తు అడుగుతాదిగాని మా కులమడగదు, అయ్యగారూ” అనెను. మేము దానికి బదులు చెప్పలేదు; చెప్పుటకేమియు లేదు. కాబట్టి పాత అంగళ్లన్నియు ప్రేమగల స్థలములనియు, కొత్త బేరమంతయు సాతాను పన్నాగమనియు బోధించువారి మాట మేమంగీకరింపము. మనుష్యుని మనుష్యునిగా ఎంచని అంగడి మూతబడినయెడల దానికై విలపించు ప్రవక్త మన బైబిలులో లేడు. విశ్రాంతిదినమెప్పుడు గడచునా, కొలతను తగ్గించి వెలను హెచ్చించి బీదలకు తాలు ధాన్యమునమ్ముదుమా యని కాచుకొనియుండిన వర్తకులపై ఆమోసు ఎంత తీవ్రముగ పలికెనో ఎనిమిదవ అధ్యాయములో చదువుకొనుడి.

కాని లేవీయకాండములోని మన ధ్యాన వచనమును జాగ్రత్తగా గమనింపుడి. అమ్మువానికి మాత్రమే అక్కడ ఆజ్ఞ లేదు. పొరుగువానికి అమ్మినను, పొరుగువానియొద్ద కొనినను, ఒకనినొకడు బాధపెట్టకూడదని మోషే వ్రాసెను. అమ్ముటలోని అన్యాయమును గూర్చి మనము పదిసార్లు వింటిమి. కొనుటలో అన్యాయమున్నదా? సొలొమోను ఉన్నదనుచున్నాడు. సరకును చేతబట్టుకొని ఇది ఎందుకును పనికిరాదని తీసివేసి, వెల తగ్గించుకొని, వీధి మలుపు తిరుగగానే తన తెలివిని తానే పొగడుకొనువానిని ఆయన సామెతలు 20:14లో మనకు చూపుచున్నాడు.

ఆ మనుష్యుడు నేడు గుడ్డల అంగడికి వచ్చి, ఇరువది కోకలు విప్పించి, రంగు చూచి, నేత తడిమి, బాలునికి చొక్కా తొడిగి కొలత సరిచూచుకొని, “మళ్లీ వస్తాము” అని లేచి, బస్సు స్టాండులో నిలువబడి అదే రకమును ఫోనులో తెప్పించుకొనుచున్నాడు. ఇరువది కోకలు మడిచిపెట్టిన గుమాస్తా పిల్లకు ఆ దినపు కూలి ఎవరిచ్చిరి? ఆ పిల్ల మన సంఘపు బిడ్డయై యుండవచ్చును. ఫోనులో కొనుట పాపమని మేము చెప్పుట లేదు; కొనదలచినవారు తిన్నగా ఫోనులోనే కొనుడి. ఒకని కష్టమును ఉచితముగ వాడుకొని వేరొకనికి వెల చెల్లించుట మాత్రము ఆ వచనము క్రిందికి వచ్చును.

ఇంటికి పెట్టె తెచ్చు బాలుని సంగతియు అంతే. ఆతడును ఎవరి బిడ్డయో. ఎండలో వచ్చి పిలిచినప్పుడు “ఇంట్లో లేమని చెప్పు” అని పిల్లలచేత అబద్ధమాడించిన ఇండ్లను మేమెరుగుదుము. ఆ ఊరికే తిరిగిన త్రోవకు అనేకచోట్ల వానికి కూలి దొరకదు.

మోసపోయినవారును మనలో ఉన్నారు. ఒక తల్లికి కోకకు బదులు పాతగుడ్డ వచ్చెను; ఎవరినడుగవలెనో తెలియక ఏడ్చి ఊరకుండెను. కలమల్ల చెన్నకేశవాలయములో దొరికిన రాతిశాసనమును మీరు వినియుందురు. సుమారు 575వ సంవత్సరమున రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు కాలమున తెలుగులో చెక్కినది; మన భాషలో దొరికిన శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. ఆ దినములలో ఒక మాట నిలువవలెననిన పేరు పెట్టి రాతిమీద చెక్కిరి. నేడు అమ్మువాని పేరు కనుగొనుటయే కష్టము. అయినను 2020 నాటి వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము ఫోనులో అమ్మించు సంస్థ అమ్మువాని పేరును చిరునామాను చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను. నెల లోపల తీర్చవలెను. తీర్చనియెడల 1915 అను నంబరుకు ఫోను చేయవచ్చును. చదువుకొనిన యౌవనస్థులు ఆదివారము ఆరాధన పిమ్మట ఇట్టి తల్లులకు సహాయపడినయెడల అదియు పరిచర్యయే.

ఇక పద్దు సంగతి. 2020 మార్చి 25 నుండి దేశమంతయు మూతబడినప్పుడు మన కూలివారికి పనిలేదు. ఆ దినములలో ఏ దూరపు సంస్థయు మనకు ఉద్దర ఇయ్యలేదు. మేము చెప్పిన శెట్టిగారు బియ్యము, బ్యాళ్లు, నూనె ఇచ్చి పుస్తకములో వ్రాసికొనెను. ఆయనయొద్ద రెండు నెలలు తిని బ్రతికిన కుటుంబము మా సంఘములో ఒకటి కలదు. పనులు మరల మొదలైన తరువాత వారు కొంత చెల్లించిరి, కొంత నిలిచిపోయెను. నిలిచిన అప్పునకు సిగ్గుపడి ఆ ఇల్లాలు అంగడి మీదుగా నడచుట మానుకొనెను. సబ్బు కావలసినను చెప్పులు కావలసినను ఫోనులో తెప్పించుకొనెను. వెల తక్కువయని కాదు. శెట్టిగారి ముఖము చూడలేక. ఇట్లు అంగడిని విడిచినవారు మనలో ఎందరున్నారో ప్రభువే యెరుగును.

ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దని పౌలు రోమీయులకు వ్రాసిన మాటను మేము ఒక ఆదివారము బోధించితిమి. మరుసటి వారమే ఆ సహోదరి డబ్బు తీసికొనిపోయెను. అంగడి మూతబడియుండెను. శెట్టిగారు అంతకు నెల ముందే అంగడిని ఎత్తివేసి, బెంగుళూరులోనున్న కుమారునియొద్దకు పోయిరట. ఆమె ఆ డబ్బును మాయొద్దకు తెచ్చి, “దీన్ని కానుకలో వేసేదా, అయ్యగారూ?” అని అడిగెను.

మేము సంఖ్యాకాండము 5వ అధ్యాయము తీసి చూపితిమి. అచ్చియున్నదానిని ఐదవవంతు చేర్చి వానికే తిరిగి ఇయ్యవలెను. పుచ్చుకొనుటకు అతడును అతని రక్తసంబంధియు లేనప్పుడే అది యెహోవాదై యాజకునికి చేరును. శెట్టిగారు సజీవులై యున్నారు గదా. ప్రక్కయింటివారియొద్ద నంబరు తీసికొని, ఆమె సరకులు తెప్పించుకొను ఆ ఫోనునుండియే పిలిచితిమి. ముసలాయన స్వరము గుర్తుపట్టి పిల్లల క్షేమమడిగెను. పద్దు ఎంత నిలిచినదని ఆమె అడుగగా, “పుస్తకాలన్నీ పాతకాగితాలోనికి వేసేసినామమ్మా. నువ్వు చెప్పిందే లెక్క” అనెను.

ఆమె ఆ రాత్రియే ఫోనులో పంపెను. ఎంత పంపినదో మేమడుగలేదు.