కాఫీ మేకర్‌కి ఉద్వాసన



పోయిన వారం వీడియోలో జడభరతుడి కథ జింకపిల్ల ఘట్టం దాకా చెప్పుకున్నాం. రాజ్యాన్నీ కుటుంబాన్నీ వదిలేసి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్న భరత మహారాజు, ఏట్లో కొట్టుకుపోతున్న ఓ జింకపిల్లని కాపాడి పెంచుకున్నాడు. చివరికి దాని ధ్యాసలోనే ప్రాణం వదిలి తానే జింకగా పుట్టాడు. ఆ వీడియో రికార్డ్ చేసిన వారమే మా ఇంట్లో ఒకటి జరిగింది. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా కాఫీ మేకర్ పోయింది.

నవ్వకండి. ఆ పొద్దున నా నోట్లోంచి వచ్చిన మాట కూడా అదే, "అమ్మా, పోయిందే!" అమ్మ పూజ గదిలోంచి దీపం సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "ఎవర్రా?" విషయం తెలిశాక నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

2013లో నా మొదటి జీతంతో కొన్నాను దాన్ని. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, గాజు జగ్గు, పక్కన ఎర్ర లైటు. అంతకు ముందు మా ఇంట్లో స్టీలు ఫిల్టరే. రాత్రే పొడి వేసి మరిగే నీళ్ళు పొయ్యడం, పొద్దున్నే డికాక్షన్ దిగిందా లేదా అని మూత తీసి చూడటం, దిగకపోతే దాని నెత్తిన రెండు మొట్టికాయలు. అమ్మకి ఆ పని తప్పిద్దామని కొన్నాను. మొదట్లో "మిషను కాఫీ" అని మూతి ముడిచింది. తర్వాత పొడి రెండు చెంచాలు ఎక్కువ, నీళ్ళు ఒక కప్పు తక్కువ పోసి తనకి కావలసినంత చిక్కగా దించడం కనిపెట్టింది. స్టీలు ఫిల్టర్ అటకెక్కింది. ప్రతి దసరాకి ఆయుధ పూజలో మిక్సీతో, గ్రైండర్‌తో పాటు దీనికీ బొట్టు పెట్టేవాళ్ళం. నాన్న ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు డాక్టర్ వద్దన్నా అరకప్పు ఇచ్చింది దీంట్లోంచే. లాక్‌డౌన్‌లో రోజుకి నాలుగు జగ్గులు. పదకొండేళ్ళు అండి. ఇన్నేళ్ళలో నేను మూడు ఉద్యోగాలు మారాను. అది మాత్రం వంటింట్లో ఆ ప్లగ్గు పక్కనుంచి కదల్లేదు.

సరే, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అడుగు విప్పి చూపించాడు. ఇన్నేళ్ళు వాడాను కానీ లోపల ఏముందో నాకు అప్పుడే తెలిసింది. నిజానికి లోపల పెద్దగా ఏమీ లేదు. నీళ్ళని పైకి తోసే మోటారు కూడా లేదు. తొట్టిలో నీళ్ళు అడుగున ఉన్న ఒక వంపు గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టాన్ని అంటుకునే హీటర్ ఉంటుంది. నీళ్ళు అక్కడ మరిగి, ఆ బుడగలే నీటిని పైకి తోస్తాయి, పైనుంచి పొడి మీద చుక్కచుక్కగా పడతాయి. అదే హీటర్ పైనున్న పళ్ళేన్ని వేడిగా ఉంచుతుంది, జగ్గు చల్లారకుండా. అంతే. బుడుగు బుడుగు మనే ఆ శబ్దం, నాకు పొద్దున్నే సుప్రభాతంలా వినిపించేది, గొట్టంలో బుడగల శబ్దం!

ఆ గొట్టం లోపల తెల్లగా గార పట్టేసి ఉంది. మాది బోరు నీళ్ళు, మామూలు బకెట్లకే గార పడుతుంది. నీళ్ళు సరిగ్గా పారక, హీటర్ మరీ వేడెక్కి, చివరికి ఎలిమెంట్ పోయింది. "ఒక్క రోజుల పోలేదన్నా ఇది," అన్నాడు మెకానిక్. "నెలకోసారి నీళ్ళల్ల రెండు చెంచాల నిమ్మ ఉప్పు ఏసి మిషన్ తిప్పాలె. తర్వాత ఉత్త నీళ్ళతో రెండుసార్లు. ఎప్పుడన్నా చేసినవా?"

చెయ్యలేదు. ఒక్కసారి కూడా.

పార్టు దొరకదన్నాడు. దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చాను. రెండు రోజులు నిజంగానే దిగులుగా ఉన్నాను. ఆన్‌లైన్‌లో అదే మోడల్ కోసం వెతికాను, ఆపేశారట. జగ్గు ఒక్కటైనా దాచుకుందామా అనుకున్నాను. ఒకపక్క జడభరతుడి స్క్రిప్ట్ రాస్తూ, ఇంకోపక్క జగ్గు ఫోటోలు తీసుకుంటున్నాను. అప్పుడు నాలో నేను వేసుకున్న ప్రశ్న ఇది: ఇది మోహమా, కృతజ్ఞతా? ఇన్నేళ్ళు సేవ చేసిన వస్తువు పోతే బాధపడటం తప్పా? బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాం కదా, పాడైంది కాబట్టి మర్నాడే ఇంకోటి తెచ్చి ఆ స్థానంలో పెట్టేస్తే ఆ దణ్ణానికి అర్థమేంటి?

చాలా గొప్ప ప్రశ్న అనుకున్నాను అండి. దీని మీద ఒక వీడియో చెయ్యొచ్చు అని కూడా అనుకున్నాను.

మూడో రోజు మా ఇంట్లో పనిచేసే అక్క వచ్చింది. (నేను ఆమెని అక్కా అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. వయసు సంగతి ఆ పిలుపులకి అక్కర్లేదు.) పాలమూరు వైపు వాళ్ళు. మేం ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పటి నుంచీ ఆమే. నాకొక ఆలోచన వచ్చింది. బయట పారేయడానికి మనసొప్పట్లేదు, ఆమెకిస్తే? ఎక్కడో ఒకచోట బాగుచేయించుకుంటుంది, మన వస్తువు మంచి ఇంట్లో ఉంటుంది. పెట్టె తెచ్చి "అక్కా, ఇది నువ్వు తీసుకో" అన్నాను. దానం చేస్తున్నవాడి గొంతు ఉంటుంది చూడండి, ఆ గొంతుతో.

ఆమె పెట్టె వైపు చూసింది. "పనిచేస్తదా అన్నా?"

"లేదక్కా, అంటే, ఎవరైనా..."

"పనిచెయ్యకపోతే నాకెందుకు మరి," అని నవ్వేసింది. చీపురు తీసుకుంటూ అంది, "మూడు నెలల సంది నీళ్ళు సన్నగ పడుతున్నయ్. సప్పుడు గూడ ఎక్కువైంది. అప్పుడే అమ్మకి చెప్పిన."

అమ్మ వంటింట్లోంచి, "నేను నీకు చెప్పాన్రా. ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నావు."

కఠోపనిషత్తు ఎలా మొదలవుతుందో మీలో చాలామందికి తెలుసు. నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి, ఇక గడ్డి మెయ్యలేని, నీళ్ళు తాగలేని, పాలివ్వలేని ముసలి ఆవుల్ని దానం ఇస్తుంటాడు. అది చూసి పిల్లవాడు నచికేతుడికి భయం వేస్తుంది, ఇలాంటి దానం చేసినవాడికి ఏ గతి పడుతుందో అని. అక్కడ మొదలై కథ యముడి దాకా వెళ్తుంది. ఈ కథ మీద నేను రెండు ఎపిసోడ్లు చేశాను! మా ఇంట్లో నచికేతుడు చీపురు పట్టుకుని వచ్చాడు, నేను గుర్తుపట్టలేదు.

కానీ నన్ను ఎక్కువ పొడిచింది ఆ దానం సంగతి కాదండి. ఆ రెండో మాట. మూడు నెలల సంది నీళ్ళు సన్నగా పడుతున్నాయని ఆమెకి తెలుసు. రోజూ జగ్గు కడిగింది, గింజంత పొడి కూడా లేకుండా జల్లెడ కడిగింది, పళ్ళెం తుడిచింది, శబ్దం మారితే విన్నది ఆమె. దసరాకి బొట్టు పెట్టిన నేను వినలేదు. అది పాడైతే ఆమె ఒక్క నిమిషం కూడా బాధపడలేదు, నేను రెండు రోజులు పడ్డాను. మరి దాన్ని ప్రేమించింది ఎవరు? నేను ప్రేమించింది పొద్దున్నే బాల్కనీలో కప్పుతో కూర్చునే నన్ను. మిషన్‌కి ఏం కావాలో నేనెప్పుడూ చూడలేదు. దానికి కావలసింది నెలకి రెండు చెంచాల నిమ్మ ఉప్పు.

ఆ రాత్రి స్క్రిప్ట్ కోసం భాగవతం పంచమ స్కంధం మళ్ళీ తీశాను. (పోతన భాగవతం అంటాం కానీ తెలుగులో ఈ స్కంధం రాసింది గంగన.) జింకపిల్ల కథ అందరం చెప్పుకుంటాం, పిల్లలకి కూడా తెలుసు. దాని తర్వాతి జన్మ కథ మాత్రం తొందరగా దాటేస్తాం. నేనూ వీడియోలో "వచ్చే వారం" అని వదిలేశాను. జింక జన్మ అయ్యాక భరతుడు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఏమీ తెలియని మొద్దులా తిరుగుతుంటాడు. సింధు సౌవీర రాజు రహూగణుడు పల్లకీలో వెళ్తుంటాడు. ఎక్కడికి? కపిల మహర్షి ఆశ్రమానికి, తత్త్వజ్ఞానం తెలుసుకోవడానికి! పల్లకీ మోసేందుకు ఒక మనిషి తక్కువైతే, దారిలో కనిపించిన ఈ దృఢమైన మొద్దుని పట్టుకొచ్చి భుజం పెట్టిస్తారు. అతను కాలి కింద ప్రాణులు నలగకుండా చూసుకుంటూ నడుస్తాడు, పల్లకీ కుదుపులకి లోనవుతుంది. రాజుకి తెలిసింది కుదుపు ఒక్కటే. "పాపం ఎంత అలిసిపోయావో, ఎంత దూరం ఒక్కడివే మోశావో" అని వెటకారం చేస్తాడు, తర్వాత శిక్షిస్తానంటాడు. ఆ మొద్దు నోరు విప్పాక రాజు పల్లకీ దిగి కాళ్ళ మీద పడతాడు. తను వెతుక్కుంటూ వెళ్తున్న జ్ఞానం అప్పటిదాకా తన పల్లకీ మోస్తోంది.

జింక కథ చదివి "అతిగా ఇష్టపడకూడదు" అని నేర్చుకుంటాం, మంచిదే. నాకు ఆ రాత్రి పల్లకీ కథే గుచ్చుకుంది. ఎందుకో చెప్తాను, ఇక్కడే కొంచెం కష్టం.

మా వంటింటి కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. అక్క గ్లాసు. మా ఐదు పింగాణీ కప్పులు స్టాండులో, ఆ గ్లాసు కిటికీలో. ఆమె రోజూ అదే మిషన్ కాఫీ తాగేది, ఆ గ్లాసులో. ఇలా ఉండాలని మా ఇంట్లో ఎవరూ నియమం పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు కాబట్టి ఎవరూ తియ్యలేదు. ఇన్నేళ్ళు నేను ఆ గ్లాసుని చూస్తూనే ఉన్నాను, చూడలేదు. "అందరిలో ఉన్నది ఒకే ఆత్మ" అని థంబ్‌నెయిల్ మీద పెద్దక్షరాలతో పెట్టిన రోజు కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది. ప్లాస్టిక్ మిషన్‌కి కుంకుమ బొట్టు, మనిషికి కిటికీ గట్టు. మీ ఇంట్లోనూ అలాంటి గ్లాసు ఉందా అని నేను అడగను. నాది నేను చెప్పుకుంటున్నాను.

మరి కాఫీ మేకర్ ఏమైంది అంటారా? ఇక్కడ అమ్మ ఒక మాట అంది. ఉద్వాసన అనే మాట మనం పేపర్లో "మంత్రికి ఉద్వాసన" అని చదువుతాం, పదవి పీకేశారని. పూజలో దాని పని వేరు. ఆవాహన చేసి, పసుపు గణపతిలోకి స్వామిని పిలిచి, పూజంతా అయ్యాక "ఇక మీ చోటికి దయచెయ్యండి" అని చెప్పి పంపడం ఉద్వాసన. ఆ తర్వాత అది పసుపు ముద్ద. వినాయకుణ్ణి నవరాత్రులు నెత్తిన పెట్టుకుని, ఆ తర్వాత నీళ్ళలో వదిలే జనం మనం. "స్వామికే ఉద్వాసన చెప్తాం, దీనికి చెప్పలేవా?" అంది అమ్మ. తనే దాన్ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పాత బొట్టు మరక గోకేసి, వైరు చుట్టి పెట్టింది. ఆమెలో దిగులూ లేదు, విసురూ లేదు.

అటక మీదకి వద్దంది. వీధిలో పాత సామాన్లవాడికి కూడా ఇవ్వలేదు. చాలాచోట్ల వాటిని పగలగొట్టి, రాగి కోసం వైర్లు కాల్చేస్తారు, ఆ పొగ పీల్చేది మళ్ళీ ఎవరో మనకి తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రిక్ సామాన్లు పద్ధతిగా రీసైకిల్ అయ్యేలా చూసే బాధ్యత తయారుచేసేవాళ్ళ మీద ఉంది. రెండు ఫోన్లు, ఒక ఆటో ఖర్చు అయ్యాయి, సేకరణ కేంద్రంలో ఇచ్చి వచ్చాను. జగ్గు కూడా ఇచ్చేశాను. ఫోటోలు ఉన్నాయి, అబద్ధం ఎందుకు.

కొత్తది వచ్చింది. దాని శబ్దం వేరు, నాకింకా అలవాటు కాలేదు. నెలలో మొదటి ఆదివారం నిమ్మ ఉప్పు నీళ్ళు అని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. మొదటి రోజు డికాక్షన్ దిగాక నేనే పాలు కలిపి, స్టాండులోంచి ఒక కప్పు తీసి అక్కకి ఇచ్చాను. ఆమె కప్పు వైపు, నా వైపు చూసింది.

"ఇదేంది, గింతే పడతది ఇండ్ల," అంది. "నా గ్లాసేది?"

మళ్ళీ గ్లాసులోకి పోశాను, ఇంకొంచెం కలిపాను. నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు, అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని తాగింది, అమ్మ రమ్మంటే. పొడి కొంచెం తగ్గించాలని కూడా చెప్పింది, కొత్త మిషన్ ఎక్కువ చేదు దించుతోందట.

ఇప్పుడు ఆ గ్లాసు కప్పుల స్టాండులో ఉంటోంది. అమ్మ పెట్టిందో ఆమే పెట్టుకుందో నేను అడగలేదు.